ఆది లేని కోటు

మా వీధిలో ఆవిడ అసలు పేరు పిల్లలెవరికీ తెలీదు. మిషనత్త అనేవాళ్లం, అంతే. సామర్లకోటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల, వీధరుగు మీద కాలి మిషను వేసుకుని కూచునేది. జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు, సంక్రాంతికి పిల్లల గౌన్లు. మగవాళ్ల బట్టల జోలికి పోయేది కాదు. ఎవరైనా నిక్కరు పట్టుకొస్తే "నాకు రాదమ్మా, బజార్లో టైలరు దగ్గరికెళ్లండి" అనేసేది.

అలాంటి మనిషి 1978లో నాకు ఖాకీ కోటు కుట్టింది.

ఆ ఏడు నాకు కాకినాడలో ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఎలక్ట్రికల్ బ్రాంచి. క్లాసు మొత్తానికి ఆడపిల్లలం నలుగురం. మొదటి వారంలోనే వర్క్‌షాప్ అన్నారు. ఫిట్టింగు, కార్పెంటరీ, కొలిమి పని. మగపిల్లలందరికీ ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా. మా నలుగుర్నీ మేష్టారు పక్కకి పిలిచి, మా ఓణీల వంక చూసి తల గోక్కున్నారు. "మీకేం చెప్పాలో నాకూ తెలీట్లేదమ్మా. తిరిగే మిషన్లో ఓణీ కొంగు పడిందంటే ఇక అంతే. ఖాకీ గుడ్డయి ఉండాలి, ఎక్కడా ఎగరకూడదు. ఏం కుట్టించుకుంటారో మీ ఇష్టం" అన్నారు.

ఇంట్లో ప్యాంటు మాట ఎత్తగానే నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దమ్మ మాత్రం "పద" అని చెప్పులేసుకుంది.

మిషనత్త విషయమంతా విని, అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. "ఆది తెచ్చావా?"

జాకెట్టు కుట్టించుకునేవాళ్లకి తెలుసుగా, ఆది జాకెట్టు ఇస్తేనే పని మొదలయ్యేది. టేపుతో కొలిచే అలవాటు మిషనత్తకి లేదు. పెద్దమ్మ నవ్వింది. "దీనికి ఆది ఎక్కణ్ణుంచి తేనే? మన వీధిలో ఎవత్తి వేసుకుంది గనక?"

ఇద్దరూ కాసేపు ఆ గుడ్డని చూస్తూ కూచున్నారు. ఈలోగా ఎదురింటి కానిస్టేబుల్ గారి భార్య వచ్చి సంగతేంటని అడిగింది. అడిగి, మాట్లాడకుండా ఇంట్లోకెళ్లి, ఇస్త్రీ చేసి పెట్టిన మొగుడి యూనిఫాం చొక్కా కొంగు కింద దాచుకుని పట్టుకొచ్చింది. "ఆయన సాయంత్రం డ్యూటీకెళ్లేలోపు ఇచ్చెయ్యాలి వదినా" అని ఆవిడకి ఒకటే టెన్షన్. ముగ్గురూ ఆ చొక్కాని అరుగు మీద పరిచి, తిరగేసి, కాలరు లోపల ఏం వేశారో, జేబు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎలా అతికారో వేలితో తడిమి చూశారు. మిషనత్త పాత పేపరు మీద సుద్దముక్కతో గీసింది. చెరిపింది. మళ్లీ గీసింది.

మూడో రోజుకి కోటు తయారు. మోకాళ్లు దాటి కిందికి, మెడ దాకా బొత్తాలు, ముంజేతుల దగ్గర బిగింపు. ఓణీ మొత్తం లోపలే ఉండిపోతుంది. వేసుకుంటే బాగానే ఉంది. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "అక్కడ సుత్తి పట్టుకోవాలన్నావుగా" అని ఇంట్లోంచి రోకలి తెచ్చి నా చేతికిచ్చింది. "దంచు, చూద్దాం." వీధిలో, పట్టపగలు, ఖాకీ కోటు వేసుకుని, ఖాళీ రోట్లో దంచాను. మూడో పోటుకి చంక దగ్గర పర్రుమని చిరిగింది. మిషనత్త మొహం చిన్నబోతుందేమో అనుకున్నా. ఆవిడ పక్కున నవ్వి, "చూశావా, జాకెట్టు వేసుకున్నోళ్లు చేతులెత్తరని కదా మేం అలా కుడతాం" అంది. రెండు చంకల్లోనూ పలకలాంటి ముక్కలు వేసి మళ్లీ కుట్టింది. ఆ కోటు నాకు అయిదేళ్లు వచ్చింది. అప్పట్లో ఇంజనీరింగ్ అయిదేళ్లు లెండి.

మజూరీ ఎంతంటే చెప్పలేదు. "నువ్వక్కడ ఏం మిషను తిప్పుతావో వచ్చి నాకు చెప్పు" అంది. అందుకే శనివారం సాయంత్రాలు ఆ అరుగు మీద కూచుని లేత్ మిషను గురించి చెప్పేదాన్ని. ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటే కత్తి ఆనించి పెడతామని, ఇనుము చుట్టలు చుట్టలుగా లేస్తుందని చెబితే నోరు తెరుచుకుని వినేది. "కాలితో తొక్కేదేనా?" అని ఒకసారి అడిగింది. మోటారు ఉంటుందన్నాను. తన మిషను చక్రం వంక చూసుకుని, "మోటారుంటే నాకు మోకాళ్లు మిగిలేవి" అంది.

ఆ పేపరు కటింగు మాత్రం పారెయ్యలేదు. తర్వాత మా ఊరి నుంచి పాలిటెక్నిక్‌కి ఒకమ్మాయి, ఇంజనీరింగ్‌కి ఇంకో ఇద్దరు వెళ్లారు. ముగ్గురికీ ఆవిడే కుట్టింది. వాళ్లని ఆది అడగలేదట.

సామర్లకోట నుంచి కాకినాడ పెద్ద దూరమేం కాదు, పదిహేను కిలోమీటర్ల లోపే. పొద్దున పాసింజరులో వెళ్లేదాన్ని. ఆడవాళ్ల పెట్టెలో పెరుగు కుండల వాళ్లు, కూరగాయల గంపల వాళ్లు ఉండేవాళ్లు. మొదటి రోజుల్లో నా చేతిలో డ్రాయింగ్ బోర్డు చూసి "అదేంటమ్మాయ్, అప్పడాల పీటా?" అని అడిగారు. అంత పెద్ద అప్పడం చేస్తే ఊరంతా తినొచ్చు. ఆ తర్వాత నాకోసం కిటికీ పక్కన జాగా ఉంచేవాళ్లు. స్టేషన్లో ఎవడైనా వెంటబడి కూతలు కూస్తే గంపలు దింపి మరీ తిట్టేవాళ్లు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక పెద్దమ్మ సంగతి.

మా అమ్మకి అక్క. అయిదో తరగతి దాకా చదివింది. పదిహేడో ఏట భర్త పోతే పుట్టింటికొచ్చి, అక్కణ్ణుంచి మా అమ్మ పెళ్లయ్యాక మా ఇంటికొచ్చేసింది. తెల్లచీర, మెడలో ఏమీ ఉండదు. మా నలుగురు పిల్లల్నీ పెంచింది ఆవిడే అంటే అమ్మ కూడా కాదనదు. 1962లో మా ఇంటికి కరెంటు వచ్చినప్పుడు వైరింగు చేసేవాడి వెనకాలే నిలబడి అంతా చూసిందట. అప్పటినుంచి ఫ్యూజు పోతే నాన్నని లేపేది కాదు. ఎండు పీట వేసుకుని ఎక్కి, మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజు పీకి, కాలిపోయిన తీగ ముక్కల్ని గోటితో గిల్లి తీసి, కొత్త తీగ రెండు చుట్లు చుట్టి స్క్రూ బిగించేది. నేను లాంతరు పట్టుకునేదాన్ని. "తీగ లావైతే ఇల్లు కాలుద్ది. సన్నమైతే ఊరికే పోద్ది. సరిపడా ఉండాలి" అని చెప్పేది. కాలేజీలో ఫ్యూజు రేటింగ్ పాఠం చెబుతున్న రోజున నాకు లాంతరు వాసన వచ్చింది.

వీధిలో ఎవరింట్లో దీపం ఆరినా పెద్దమ్మకే కబురు. కానీ శుభకార్యాలకి మాత్రం ఎవరూ పిలిచేవాళ్లు కాదు. నాకు ఊహ తెలిశాక ఈ రెండూ ఒక వీధిలోనే జరిగాయంటే నమ్మబుద్ధి కాలేదు.

చదువవగానే ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, కరెంటు డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆర్డరులో నా పేరు ముందు 'శ్రీ' అని టైపు చేసి ఉంది. గుమాస్తా గారు నన్ను చూసి, నాలుక కరుచుకుని, పెన్ను తీసి పక్కన 'మతి' అని చేర్చారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. చెప్పబోయి ఊరుకున్నాను. ఆయనకి ఇంకో అక్షరం కొట్టేసే ఓపిక ఉన్నట్టు కనబడలేదు.

మొదటి రెండేళ్లు ఒక పల్లెటూరి సబ్‌స్టేషన్‌లో. ఊరి పేరు చెప్పను. చుట్టూ పొలాలు, మధ్యలో కంచె, లోపల రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక కంట్రోల్ రూము. పనిచేసేవాళ్లంతా మగవాళ్లే. మంచివాళ్లే, గౌరవంగానే ఉండేవాళ్లు. కానీ ఆడవాళ్లకి బాత్రూము లేదు. మగవాళ్లకీ లేదనుకోండి, వాళ్లకి కంచె ఉంది. పొద్దున ఎనిమిదికి ఇంట్లో బయల్దేరితే సాయంత్రం ఆరుకి చేరేదాన్ని. ఆ పది గంటలూ నీళ్లు తాగేదాన్ని కాదు. ఎండాకాలం వచ్చేసరికి మూత్రంలో మంట, జ్వరం. డాక్టరమ్మ "నీళ్లు తాగడం లేదా?" అని అడిగితే తాగుతున్నానని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. సిగ్గు కాబోలు.

సబ్‌స్టేషన్‌కి ఆనుకుని నాలుగు క్వార్టర్లుండేవి. చివరిదాంట్లో ఒక లైన్‌మన్ కాపురం. ఆయన భార్య రోజూ పదకొండింటికి కొడుకు చేత నాకు మజ్జిగ పంపేది. నేను పెదవి తడుపుకుని గ్లాసు తిప్పి పంపేసేదాన్ని. మూడు రోజులు చూసింది. నాలుగో రోజు తనే గ్లాసు పట్టుకుని వచ్చింది.

"మజ్జిగ బాలేదాండీ?"

"బావుందమ్మా. దాహం లేదు."

బయట ఎండ చూసింది. నన్ను చూసింది. కంట్రోల్ రూము చుట్టూ ఒక చూపు తిప్పింది. ఇంకేం అడగలేదు. వెళ్లిపోయి పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. టేబుల్ మీద ఒక తాళంచెవి పెట్టింది. జాకెట్టు గుడ్డ పీలికతో ముడేసి ఉంది, ఎర్రది. "పెరటి తలుపుదండి. నేనింట్లో ఉన్నా లేకపోయినా తీసుకెళ్లిపోండి. తొట్టిలో నీళ్లు నింపే ఉంచుతాను. ఇప్పుడు తాగండి మజ్జిగ."

తాగాను. గ్లాసు ఖాళీ చేసేదాకా నిలబడింది.

వాళ్లాయన హడలిపోయాడని తర్వాత తెలిసింది. ఏఈ గారు మన పెరట్లోకి రావడమేంటి, ఎవరైనా ఏమైనా అనుకుంటే, అని. "అనుకునేవోళ్లకి ఒంటికి రాదా?" అని ఒక్క మాటతో నోరు మూయించిందట. మా ఇద్దరి మధ్యా ఈ విషయం మీద మళ్లీ మాటే నడవలేదు. రోజుకి రెండుసార్లు వెళ్లేదాన్ని. తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఆ నీళ్లు ఆవిడ వీధి చివర బోరింగు కొట్టి మోసుకొచ్చేదని నాకు చాన్నాళ్లకి గాని తెలీలేదు. నేను బదిలీ అయ్యేనాటికి ఆఫీసులో ఇద్దరు ఆడ గుమాస్తాలు చేరారు, భర్తలు పోయి ఉద్యోగం వచ్చినవాళ్లు. తాళంచెవి వాళ్లకి అప్పజెప్పి వచ్చాను.

పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. 1996లో ఆయన వరంగల్‌లో, నేను కోనసీమలో. పిల్లల కోసం పెద్దమ్మ వచ్చి ఉండేది. డెబ్బై దాటాయి అప్పటికి. నవంబరు 6 రాత్రి తుఫాను. తూర్పుగోదావరి వాళ్లెవరికీ ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరి చెట్లు లేవు. ఉన్నవి నడుం విరిగి ఉన్నాయి. ఎక్కడ చూసినా స్తంభాలు పడి, తీగలు నీళ్లల్లో. వెయ్యిమందికి పైగా పోయారు.

నేను పిల్లల్ని చూస్తూ గుమ్మంలో నిలబడిపోయాను. చిన్నదానికి నాలుగేళ్లు. పెద్దమ్మ నా గొడుగు తీసి చేతికిచ్చింది. "గొడుగెందుకే, ఎగిరిపోద్ది" అని మళ్లీ తనే లాక్కుంది. "వెళ్లు. నేను చూసుకుంటాలే."

నాలుగో రోజు రాత్రికి గాని ఇంటి మొహం చూడలేదు. ముందు చెట్లు కొట్టాలి, తర్వాత దారి, తర్వాత స్తంభాలు, ఆ తర్వాత తీగ. ఒక ఊరికి లైను లేపితే పక్క ఊరి వాళ్లు వచ్చి నిలబడేవాళ్లు, ఏమీ అనకుండా. తిట్టినా బాగుండేది. ఇంట్లో కిరసనాయిలు దీపం, కట్టెల పొయ్యి, పెద్దమ్మ. పిల్లలు అమ్మేదని అడిగితే బల్బు చూపించి "కరెంటు తేవడానికెళ్లింది" అని చెప్పిందట. చిన్నది రోజూ నిద్ర లేచి బల్బు కింద నిలబడేదట. పన్నెండో రోజు సాయంత్రం మా వీధికి సప్లై ఇచ్చాం. నేనప్పుడు ఇంకెక్కడో ఉన్నాను. లైటు వెలగ్గానే పెద్దమ్మ పిల్లల్ని పిలిచి "అదుగో, వచ్చిందర్రా మీ అమ్మ" అందట.

ఆ పనికి నాకు పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, బియ్యం డబ్బా వెనక దాచింది. 2003లో పోయింది పెద్దమ్మ. ఉత్తరం మాత్రం ఎలకలు కొట్టేశాయి.

ఇవన్నీ ఇప్పుడెందుకు తవ్వుకుంటున్నానంటే, రిటైరయ్యాక తీరిక దొరికి అయ్యలసోమయాజుల లలిత గారి గురించి చదివాను. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆవిడే, మద్రాసులో పుట్టిన తెలుగావిడ. అయిదేళ్లు అదే చదువు చదివి, ముప్పై ఏళ్లు అదే పని చేసి, ఆ పేరు విననందుకు నాకు తలకొట్టేసినట్టయింది. 1919లో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట, చేతిలో నాలుగు నెలల పాప ఉండగా భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అడిగి, ఒప్పించి, కూతుర్ని అక్కడే చేర్పించారు. ఒక్కతే ఉండలేకపోతోందని, ఆడపిల్లల్ని చేర్చుకుంటామని కాలేజీ చేత పేపర్లో ప్రకటన ఇప్పించారు. అప్పుడు సివిల్‌లో లీలమ్మ జార్జ్, తెరెసియా చేరారు. ఆ తెరెసియా గారే తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు. 1943లో ముగ్గురూ పాసయ్యారు. పట్టాలో 'అతడు' అని ఇంగ్లీషులో అచ్చయి ఉంటే కొట్టేసి 'ఆమె' అని రాసిచ్చారట. నా 'మతి' గుర్తొచ్చి నవ్వుకున్నాను. లలిత గారు కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ ఆనకట్ట ప్రాజెక్టు కరెంటు లైన్ల డిజైనులో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకి వెళ్లొచ్చారు.

చదువుతుంటే నా మనసు ఇంజనీరు మీద నిలవలేదు. ఆ పాప మీదకి పోయింది. లలిత గారు లెక్కలు చేసుకునే రాత్రుళ్లు పాప ఏడిస్తే ఎత్తుకుందెవరు? పాలు కాచిందెవరు, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందెవరు? పుట్టింటి అండ ఉందని రాశారు. పుట్టిల్లంటే గోడలు కాదుగా. ఏ వదినో, ఏ పిన్నో, "నువ్వు చదువుకో, నేను చూసుకుంటాలే" అనే ఉంటుంది.

ఇంకోటి కూడా అనిపించింది, చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. లలిత గారూ మా పెద్దమ్మా దగ్గరదగ్గర ఒకే కాలం వాళ్లు. ఒకే వయసులో ఒకే దెబ్బ తగిలింది. ఒకావిడకి తండ్రి ప్రొఫెసరు. ఇంకొకావిడకి ఎండు పీట, ఫ్యూజు తీగ. పెద్దమ్మకి తెలివి తక్కువైందని మాత్రం నా దగ్గరెవరూ అనొద్దు.

ఈ మధ్య ఫోన్లో బబ్బూరి శిరీష వీడియో చూశాను, సిద్దిపేట జిల్లా అమ్మాయి. 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలు పడితే ఆడవాళ్లకి లేదన్నారు. హైకోర్టు దాకా వెళ్లి, 8 మీటర్ల స్తంభం ఎక్కి చూపించి, ఉద్యోగం తెచ్చుకుంది. మేం ఇంజనీర్లమై కూడా స్తంభం ఎక్కలేదు, ఎక్కించాం. ఆ పిల్ల చకచకా ఎక్కేస్తుంటే నేను మాత్రం చంకల దగ్గర చొక్కా బిగుతుగా ఉందేమోనని చూస్తున్నాను. మిషనత్త నేర్పిన జబ్బు.

కిందటేడు ఓ పెళ్లికి వెళ్తూ ఆ పాత సబ్‌స్టేషన్ ఊళ్లో దిగాను. లైన్‌మన్ గారు రిటైరై అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆవిడకి జుట్టంతా తెల్లబడింది గాని మాట అదే. కూచోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగేదాకా చూసింది.

"కొత్తగా ఏఈ వచ్చిందండి, ఆడపిల్ల" అంది. "బండి మీద తిరిగేస్తుందండి, ప్యాంటూ చొక్కా. మొన్న మా వీధిలో తీగ తెగితే వచ్చింది. పక్కకి పిలిచి చెప్పానండి, అమ్మా, మాది దగ్గరే, ఏదన్నా ఇబ్బందైతే మొహమాటపడకుండా వచ్చేయండి అని."

"ఏమంది?"

"ఇబ్బందేంటాంటీ, అందండి. ఆఫీసులో ఎప్పుడో కట్టేశారంట కదా. నేను దేని గురించి అడుగుతున్నానో ఆ పిల్లకి అర్థమే కాలేదండి" అని, చేతిలో గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది.